బడిలోకి పోకముందే మీ బోధనా తత్వం రాసుకోవడం ఎలా

బీఎడ్, డీఎడ్ చేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: మీ బోధనా తత్వం ఏమిటి, తరగతిని ఎలా నడిపిస్తారు, రెండు పేజీలు రాయండి. మనలో చాలామంది అప్పుడు సీనియర్ల రికార్డు అడిగి తెచ్చుకుంటారు. అందులో "శిశుకేంద్రిత విద్య", "సర్వతోముఖాభివృద్ధి", "ఆహ్లాదకరమైన వాతావరణం" అని ఉంటాయి, వాటినే దించేస్తే మార్కులు వచ్చేస్తాయి. కానీ రేపు నిజంగా బడిలోకి పోయాక, మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి పీరియడ్‌లో, ఉక్కపోతకు ఇద్దరు తలవాల్చి, వెనక బెంచీలో ఒకడు పక్కవాడి పెన్ను లాక్కుని, ముందు బెంచీ మాత్రం "సార్ నేను సార్ నేను" అని లేస్తుంటే, రికార్డులో రాసిన మాటల్లో ఒక్కటి కూడా అక్కరకు రాదు. అక్కరకు వచ్చేది ఎలా రాసుకోవాలో చెబుతాను. మనది నల్గొండ, పాలమూరు ప్రాంతం కాబట్టి ఇక్కడి బళ్లనే దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

కొలత ఒక్కటే. మీరు రాసే ప్రతి నమ్మకం కింద "అందుకని నేను" అని మొదలయ్యే వాక్యం ఇంకొకటి ఉండాలి, అందులో మీరు బడిలో చేసే పని కనిపించాలి. పని దొరకని నమ్మకాన్ని ఎంత అందంగా ఉన్నా కొట్టేయండి. రికార్డుకు ఇచ్చేది వేరే రాసుకోండి, ఇది మాత్రం మామూలు నోట్‌బుక్‌లో, మీ భాషలో, మీ కోసం.

1. ఏ బడి కోసం రాస్తున్నారో ముందు తేల్చుకోండి

"విద్యార్థులు" అనే మాటతో మొదలుపెడితే మీ రాత గాలిలో ఉండిపోతుంది. డీఎడ్ వాళ్లయితే ప్రాథమిక పాఠశాల, బీఎడ్ వాళ్లయితే ఆరు నుంచి పది (ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరు పోస్టుకు బీఎడ్ చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ఆ గీత ఇంకా గట్టిపడింది). దానికి ఒక ఊరు కలపండి. దేవరకొండ, చందంపేట వైపు తండా బడి అయితే పిల్లలు ఇంట్లో లంబాడీలో మాట్లాడతారు, ఒకటో తరగతిలో మీ తెలుగే వాళ్లకు రెండో భాష, మళ్లీ పుస్తకం ఇంగ్లీష్ మీడియం. కోస్గి, మద్దూరు వైపు అయితే తల్లిదండ్రులు ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయి పిల్లలు అవ్వ తాతల దగ్గర ఉంటారు. నారాయణపేట దాటితే కన్నడం వినిపిస్తుంది. అమ్రాబాద్ వైపు చెంచుపెంటల (చెంచుల గూడేల) పిల్లలు వస్తారు. నల్గొండ టౌన్ హైస్కూల్ అయితే సమస్యలు ఇంకో రకం, గురుకులం అయితే రాత్రి స్టడీ అవర్ కూడా మీదే.

ఒక బడిని ఎంచుకుని ఈ నాలుగింటికి జవాబు రాయండి: పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు, ఏ నెలల్లో బడి మానేస్తారు, తరగతి గదులెన్ని. ఇంటర్న్‌షిప్ చేసిన బడి ఉంటే అదే రాయండి. తెలియకపోతే ఆ వైపు నుంచి వచ్చిన క్లాస్‌మేట్‌ను అడగండి, ప్రతి కాలేజీలో ఉంటారు.

డీఎడ్ వాళ్లకు ఒక మాట. మనకు నేర్పే పాఠ్య పథకాలన్నీ ఒక టీచరు, ఒక తరగతి అన్న లెక్కతో ఉంటాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం చూసినా, ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా ఇద్దరే టీచర్లు. అంటే చిన్న ఊరి బడిలో ఐదు తరగతులను ఇద్దరు పంచుకోవాలి, ఒకరు సెలవు పెడితే ఐదూ మీవే. అందుకే "మూడో తరగతికి నేను చెబుతున్నప్పుడు రెండో తరగతి ఏం చేస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు మీ తత్వంలో తప్పకుండా ఉండాలి. జవాబు "చూచిరాత" అయితే ఇంకొంచెం ఆలోచించండి. నాలుగో తరగతి పిల్ల రెండో తరగతి పిల్లవాడి చేత చదివించడం, పది మాటల కార్డులు ఇచ్చి జంటలుగా వాక్యాలు కట్టించడం, చింతగింజలతో లెక్కలు, ఇలా టీచరు లేకుండా పదిహేను నిమిషాలు నడిచే పనులు ఒక ఐదారు ఇప్పుడే తయారు చేసి పెట్టుకోండి.

2. మీకు చదువు చెప్పినవాళ్లను గుర్తు చేసుకోండి

ఇది ఒక సాయంత్రం పని. మీకు బాగా అర్థమయ్యేలా చెప్పిన ఒకరు, మీరు భయపడిన ఒకరు. "మంచి సార్", "స్ట్రిక్ట్ మేడమ్" అని రాయొద్దు, వాళ్లు చేసిన పనులు రాయండి. తప్పు జవాబు చెప్పినప్పుడు ఏమన్నారు? నోట్సు దిద్దేటప్పుడు ఇంటూ మాత్రమే పెట్టారా, పక్కన ఏమైనా రాశారా? మీ పేరు పెట్టి పిలిచారా, "ఏయ్ మూడో బెంచీ" అన్నారా? ఈ జాబితా ముఖ్యం ఎందుకంటే టెన్షన్‌లో ఉన్నప్పుడు మన నోట్లోంచి వచ్చేవి మనం కాలేజీలో చదివిన మాటలు కావు, మన టీచర్లు మనల్ని అన్న మాటలే.

3. నమ్మకం రాయండి, కింద పని రాయండి

నాలుగైదు నమ్మకాలు చాలు. అందరూ రాసే "ప్రతి పిల్లవాడూ నేర్చుకోగలడు" అన్నదాన్నే తీసుకుందాం. దాని కింద పని ఏమిటి?

ఒక పని చెబుతాను: ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్లో గమనించి 1970ల్లో చెప్పిన విషయం ఇది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతారు, జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతారు, లేదంటే తామే చెప్పేస్తారు. మూడు సెకన్లో ఇంకొంచెమో ఆగితే జవాబులు పొడుగవుతాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా చెబుతారు. వినడానికి చిన్న విషయం. చేసి చూడండి, మూడు సెకన్లు ఎంత పొడుగో తెలుస్తుంది. ముందు బెంచీ చేతులు గాల్లోకి లేస్తాయి, వెనక గుసగుస మొదలవుతుంది, జవాబు మీరే చెప్పేయాలని నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, చెయ్యి ఎత్తని ఒక పిల్ల వైపు నవ్వుతూ చూసి పేరుతో అడగండి. కాబట్టి మీ నోట్‌బుక్‌లో ఇలా రాయండి: "ప్రతి పిల్లవాడూ నేర్చుకోగలడు. అందుకని నేను ప్రశ్న అడిగి మూడు లెక్కపెట్టేదాకా ఎవరి పేరూ పిలవను, చేతులు ఎత్తనివాళ్లను కూడా అడుగుతాను."

ఇంకోటి. టీచర్ల అర్హత పరీక్ష టెట్ కోసం రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ అనగానే సామీప్య వికాస మండలం అని బిట్టు బట్టీ పట్టాం. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది, కొంచెం సాయం దొరికితే చేయగలిగేది, ఆ మధ్యలోనే నేర్చుకోవడం జరుగుతుందని ఆయన చెప్పింది. బోర్డు దగ్గర అది ఎలా ఉంటుందో చూడండి. 612ను 6తో భాగించమంటే చాలామంది పిల్లలు 12 అని రాస్తారు. ఆరు ఒకట్ల ఆరు, తర్వాత ఒకటి దించారు, పోలేదు, రెండు కూడా దించారు, పన్నెండు, ఆరు రెండ్ల పన్నెండు. మధ్యలో సున్నా పెట్టాలన్నది జారిపోయింది. "తప్పు, సున్నా ఏది?" అని మీరే పెట్టేస్తే వాడు రేపు 824ను 8తో భాగించి మళ్లీ 13 అనే రాస్తాడు. దాని బదులు "సరే, 12ను ఆరుతో గుణించి చూడు" అనండి. 72 వస్తుంది. వాడే తల గోక్కుంటాడు. అప్పుడు "ఆరుగురు కూలికి పోయిండ్రు, అందరికీ కలిపి 612 రూపాయలు వచ్చినయ్, ఆరు వందనోట్లు, పన్నెండు రూపాయల చిల్లర, పంచు" అనండి. మనిషికో వందనోటు పోతుంది, ఆపైన రెండు రూపాయలు. నూటరెండు అని వాడి నోటితోనే వస్తుంది, సున్నా ఎందుకు పెట్టాలో కూడా అప్పుడే తెలుస్తుంది. మీరు చేసిన సాయం రెండు మాటలు. దీన్ని రాసుకోవడం ఇలా: "జవాబు నేను చెప్పను. పిల్లవాడు ఆగిన చోటు వెతికి, ఆ ఒక్క మెట్టుకే సాయం చేసి పక్కకు జరుగుతాను."

మీ సబ్జెక్టులో పిల్లలు తరచుగా చేసే ఇలాంటి తప్పులు ఒక పది పోగు చేయండి. కాపీలు దిద్దుతున్న టీచర్ల పక్కన కూర్చుంటే ఒక గంటలో దొరుకుతాయి.

చుట్టూ ఉన్న ఊళ్లను పాఠంలోకి తేవాలని నమ్మేవాళ్లు ఆ ఊళ్ల పేర్లతో సహా రాయండి. నల్గొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా ఒకేచోట ఉంటుంది. కాంతి పాఠం మొదలుపెట్టడానికి "సూర్యుడు జరుగుతుంటే ఆ నీడెందుకు జరగదు?" అన్నదానికంటే మంచి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? మహబూబ్‌నగర్ వాళ్లకు ఊడల గురించి చెప్పాలంటే పిల్లలమర్రి ఉండనే ఉంది.

4. లొల్లి ఎందుకవుతుందో చూడండి, నియమాలు తర్వాత

తరగతి నిర్వహణ అనగానే మనకు శిక్షలు గుర్తొస్తాయి. జేకబ్ కౌనిన్ అనే మనస్తత్వవేత్త బాగా నడిచే తరగతులనూ గందరగోళంగా ఉండే తరగతులనూ పోల్చి చూసి 1970లో రాసిన సంగతి ఏమిటంటే, అల్లరి జరిగాక ఎలా మందలించారన్నదాంట్లో ఈ రెండు రకాల తరగతుల టీచర్లకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా అల్లరి మొదలు కాకముందు చేసే పనుల్లోనే ఉంది: గది మొత్తం మీద కన్ను ఉండటం, పాఠం ఆగకుండా సాగడం, ఒక పని నుంచి ఇంకో పనికి సాఫీగా మారడం. నాకు దీనికంటే పనికొచ్చే విషయం బీఎడ్‌లో ఇంకొకటి కనిపించలేదు.

కాబట్టి లొల్లి పుట్టే నిమిషాలను వెతకండి. మీరు వెనక్కి తిరిగి బోర్డు నిండా రాసేటప్పుడు, నోట్‌బుక్కులు పంచేటప్పుడు, అటెండెన్స్ తీసుకునేటప్పుడు, తొందరగా రాసేసినవాళ్లు ఖాళీగా కూర్చున్నప్పుడు, భోజనం గంట ముందు. ఒక్కోదానికీ మందు రాయండి. బోర్డు మీద సగం విషయం పిల్లలు రాకముందే రాసి పెడతాను, మిగతాది పక్కకు నిలబడి రాస్తాను. పిల్లలు లోపలికి రాగానే చేయడానికి బోర్డు మీద ఒక చిన్న లెక్కో ప్రశ్నో ఉంటుంది, వాళ్లు అది చేస్తుంటే నేను అటెండెన్స్ తీసుకుంటాను. ముందుగా ముగించినవాళ్లకు ఇంకో పని సిద్ధం. పాఠం చెబుతూ వెనక బెంచీ దాకా నడుస్తాను, కుర్చీలో కూర్చుని చెప్పను.

నియమాలు నాలుగు దాటొద్దు, "చేయరాదు" అని కాకుండా ఏం చేయాలో చెప్పేలా ఉండాలి. జూన్ 12న బడులు తెరుస్తారు, ఆ మొదటి వారంలో పిల్లలతో కూర్చుని వాళ్ల మాటల్లోనే రాయించండి. "ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం వింటాం" లాంటివి వాళ్లే చెబుతారు. అదే వారంలో మిగతా పద్ధతులు కూడా పాఠం చెప్పినట్టే చెప్పాలి: బ్యాగు ఎక్కడ పెట్టాలి, "సార్ ఒకటికి" అనే బదులు ఏ గుర్తు చూపించి బయటికి పోవాలి, భోజనానికి ప్లేట్లతో ఎలా లైను కట్టాలి, నేను రెండు చప్పట్లు కొడితే ఏం చేయాలి. చెప్పడమే కాదు, చేయించి చూడాలి, సరిగా రాకపోతే మళ్లీ చేయించాలి. వారం రోజులు సిలబస్ వెనకబడుతుందని భయం వేస్తుంది, కానీ ఏడాదంతా "సైలెన్స్!" అని అరిచే సమయం మిగులుతుంది, గొంతు కూడా.

ఒకటి మాత్రం మానేయండి. క్లాస్ లీడర్ చేత మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించడం. వాడి స్నేహితుల పేర్లు అందులో ఉండవు, వాడికి పడనివాళ్ల పేర్ల పక్కన ఇంటూలు పెరుగుతుంటాయి, మీరు వచ్చేసరికి ఒక తగాదా తయారుగా ఉంటుంది. లీడర్‌కు పుస్తకాలు పంచడం, రాని పిల్లల గురించి కనుక్కోవడం లాంటి పనులివ్వండి, వారానికొకరిని మార్చండి, ఆడపిల్లలకూ ఇవ్వండి.

5. చేయి ఎత్తను అని రాసి, దాని బదులు ఏం చేస్తారో కూడా రాయండి

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, అతిక్రమిస్తే శాఖాపరమైన చర్య ఉంటుంది. గోడ కుర్చీ, మోకాళ్ల మీద నిలబెట్టడం, అందరి ముందు వెక్కిరించడం, కులం పేరో తండా పేరో ఎత్తి మాట్లాడటం, అన్నీ ఇందులోకే వస్తాయి. చట్టం లేకపోయినా నేను కొట్టనని రాయగలిగితేనే అది తత్వం అవుతుంది.

కానీ మన దగ్గర కొట్టమని అడిగేవాళ్లు తల్లిదండ్రులే. "కండ్లు రెండు ఇడిచిపెట్టి తోలు తియ్యుండ్రి సార్, మీ ఇష్టం" అని చేయి పట్టుకుని మరీ చెబుతారు. అది క్రూరత్వం కాదు, పిల్లవాడు తమలాగా కూలికి పోవద్దన్న ఆరాటం. అందుకే వాళ్లకు చట్టం సెక్షన్లు చెప్పొద్దు. "అన్నా, కొడితే బడికే రాకుండ పోతడు. రోజు రాత్రి ఒక పేజీ నీ ముందు చదవమని చెప్పు, నీకు చదువు రాకున్నా సరే, వింటున్నవని తెలిస్తే సాలు. పదిహేను రోజులైనంక నేనే ఫోన్ చేస్త" అని చెప్పండి. తర్వాత ఫోన్ చేయండి. ఈ మాటలు ముందే రాసుకుని పెట్టుకోండి, ఎందుకంటే ఆ టైములో తడబడతాం.

తర్వాత మీ మెట్లు రాసుకోండి. మాట్లాడుతున్న పిల్లవాడి వైపు ముందు ఒక చూపు. తర్వాత పాఠం ఆపకుండానే వాడి పక్కకు పోయి నిలబడటం. అప్పటికీ ఆగకపోతే పేరు పిలిచి చిన్న పని చెప్పడం. అదీ కాకపోతే పీరియడ్ అయ్యాక ఒంటరిగా మాట్లాడటం, "ఎందుకు చేశావ్" అని కాదు, "ఏమైంది" అని. ఆ తర్వాతే ఇంటికి, ఆఖరున హెచ్‌ఎం దగ్గరికి. కోపంలో ఉన్నప్పుడు మొదటి మెట్టు నుంచి ఆఖరి మెట్టుకు దూకేస్తాం, కాగితం మీద ఉంటే కొంచెం ఆగుతాం.

వెక్కిరింపుల గురించి ఒక గట్టి నియమం పెట్టుకోండి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టిన పిల్లలు మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అలాంటి పిల్ల చదువుతుంటే "చెయ్యి తీసి గట్టిగా చదువు" అనకండి, దగ్గరికి పోయి వినండి. వేరే పిల్లలు పేరు పెట్టి వెక్కిరిస్తే మాత్రం అక్కడికక్కడే పాఠం ఆపాలి, ఆ విషయంలో మెట్లు లేవు.

6. రాని పిల్లల కోసం ఒక పేజీ

పత్తి ఏరేటప్పుడు బడి పలచబడుతుంది, దసరా తర్వాత వలసలు మొదలైతే కొన్ని పేర్లు రిజిస్టర్‌లో మాత్రమే ఉంటాయి. ఇది మన ప్రాంతపు తరగతి నిర్వహణలో పెద్ద భాగం, ఏ పుస్తకంలోనూ సరిగ్గా దొరకదు. మూడు వారాల తర్వాత ఒక పిల్ల తలుపు దగ్గర నిలబడితే మీరు ఏమంటారో అక్షరాలా రాయండి. "ఇన్ని రోజులు ఏడబోయినవ్" అని అందరి ముందు అడిగితే మరుసటి రోజు రాదు. "వచ్చినవా, మంచిగైంది, కూర్చో" అనండి, కారణాలు తర్వాత. ప్రతి పాఠానికీ ఒకే ఒక్క కాగితం, ముఖ్యమైన మాటలు, ఒక ఉదాహరణ, రెండు ప్రశ్నలు రాసి పక్కన పెట్టుకుంటూ పోతే, తిరిగొచ్చినవాళ్లకు ఆ కాగితాలూ ఒక స్నేహితురాలూ సరిపోతాయి. తల్లిదండ్రుల మీటింగు పదకొండు గంటలకు పెడితే కూలి పోతుంది కాబట్టి రారు. వాళ్లు చేను నుంచి వచ్చాక ఇంటికి పోండి, అవ్వ తాతలతో మాట్లాడండి.

7. భాష

వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని విద్యాహక్కు చట్టమే చెబుతుంది. మన సర్కారు బళ్లలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీష్, ఒక పక్క తెలుగు ఉంటుంది. రెండు పేజీలూ వాడండి: విషయం ముందు పిల్లల మాటల్లో, తర్వాత తెలుగు పేజీ, ఆ తర్వాత ఇంగ్లీష్. తండా బడి అయితే పది లంబాడీ మాటలు ఆ పిల్లల దగ్గరే నేర్చుకోండి, వాళ్లు మీకు టీచర్లయ్యే అవకాశం అది. పిల్లలు "పోతున్న సార్", "తింటున్నం" అంటే అది తప్పని దిద్దొద్దు. రాతలో పుస్తక భాష నేర్పండి, మాటను మాటలాగా వదిలేయండి.

8. టీచింగ్ ప్రాక్టీస్‌లో పరీక్షించండి

రాసిందంతా నిజమో కాదో తెలియాలంటే ఎవరైనా చూడాలి. ఒక స్నేహితుడిని వెనక కూర్చోబెట్టి, కాగితం మీద బెంచీల బొమ్మ గీసి, మీరు ఏ పిల్లవాడిని అడిగితే ఆ చోట ఒక గీత పెట్టమనండి. పీరియడ్ అయ్యాక చూస్తే, ఎక్కువగా ముందు రెండు బెంచీల దగ్గర గీతలు గుంపుగా ఉండి, కిటికీ పక్క వరుసలో ఒక్కటీ ఉండదు. ఆడపిల్లల వైపు ఎన్ని, మగపిల్లల వైపు ఎన్ని అన్నది కూడా లెక్కపెట్టండి. మరుసటి క్లాసులో గీతలు పడని చోటి నుంచి మొదలుపెట్టండి. అబ్జర్వేషన్ రికార్డులో రాసే "ఉపాధ్యాయుడు చక్కగా బోధించెను" కంటే ఈ ఒక్క కాగితం మీకు ఎక్కువ చెబుతుంది.

ఉద్యోగం వచ్చాక ఈ నోట్‌బుక్‌ను దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి తీయండి. ప్రతి "అందుకని నేను" పక్కన చేస్తున్నాను, మానేశాను, కుదరలేదు అని రాయండి. కుదరనిదాన్ని మార్చండి, మానేసినదాన్ని మళ్లీ మొదలుపెట్టండి. ఈలోపు ప్రైవేటు స్కూల్లోనో గురుకులంలోనో డెమోకు పోతే, "మీ టీచింగ్ ఫిలాసఫీ ఏంటి" అని అడిగినప్పుడు నోట్‌బుక్ మొత్తం ఒప్పజెప్పొద్దు. ఒక నమ్మకం, దాని కింది పని, ఆ పని వల్ల మీరు చూసిన ఒక పిల్లవాడి మార్పు, ఈ మూడూ రెండు నిమిషాల్లో చెప్పి, చాక్‌పీస్ అడిగి డెమో మొదలుపెట్టండి.